తిప్పతీగ అని పంచిన తీగ

కరోనా వచ్చిన మొదటి ఏడాది మా దీవులకి ఓడలు సరిగ్గా వచ్చేవి కావు. దుకాణంలో మేకులూ తాళాలూ తప్ప అమ్మడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. షట్టరు సగం దించి లోపల కూర్చునేవాణ్ణి. ఆస్టినాబాద్‌లో మాది చిన్న హార్డ్‌వేర్ దుకాణం, దాని వెనకే ఇల్లు. ఆ రోజుల్లో అందరి ఫోన్లలోనూ ఒకటే మాట తిరిగేది. తిప్పతీగ కషాయం తాగితే రోగం దరి చేరదని. హిందీలో దాన్ని గిలోయ్ అంటారు. మా వీధిలో తెలుగు ఇళ్ళు తక్కువ. బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్ళు, మలయాళీలు ఎక్కువ. అందరూ వచ్చి గిలోయ్ ఎక్కడ దొరుకుతుందని నన్నే అడిగారు.

నన్నే అడగడానికి కారణం మా నాన్న. శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరి నుంచి ఓడెక్కి వచ్చి ఈ దీవుల్లో పాతుకుపోయిన మనిషి. పిల్లలకి దగ్గొచ్చినా, కాలు బెణికినా, కామెర్లొచ్చినా జనం ఆయన దగ్గరికి వచ్చేవారు. ఏదో ఆకు నూరి ఇచ్చేవాడు. ఆయన పోయాక ఆ పేరు నాకు మిగిలింది. నిజానికి నాన్న దగ్గర నేను మొక్కల్ని నేర్చుకోలేదు. మొక్కల గురించి మాట్లాడే గొంతు మాత్రం పట్టుబడింది. ఎవరైనా ఆకు తెచ్చి చూపిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు కాస్త మూసి, "ఆఁ, ఇది వేడి చేస్తుంది" అనేవాణ్ణి. జనం నమ్మేవారు. వాళ్ళు నమ్మడం నాకు బాగుండేది.

ఫెరార్గంజ్‌లో మా తోడల్లుడికి పోకతోట ఉంది. కూరగాయలు తెచ్చుకుందామని ఒకరోజు అతని దగ్గరికి స్కూటరు మీద వెళ్ళాను. తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన అడవి అంచున ఒక తీగ పొదలన్నిటినీ కప్పేసి కనిపించింది. ఆకులు హృదయం ఆకారంలో ఉన్నాయి. ఫోన్లో చూసిన తిప్పతీగ బొమ్మలో ఆకులూ అలాగే ఉన్నాయి. స్కూటరు ఆపి చేతికి అందినంత కోసి కూరల సంచిలో కుక్కుకున్నాను. ఇంటికి వచ్చేదాకా ఒకటే సంబరం. దారిలో మళ్ళీ ఆగి దాన్ని ఒక్కసారి సరిగ్గా చూద్దామని కూడా అనిపించలేదు.

గేటు పక్కన నాటాను. నాటడమేమిటి, నేలకి ఆనించాను. అంతే, వేళ్ళు పోసుకుంది. చూస్తుండగానే గేటు మీది ఇనపకమాను ఎక్కింది. వాన పడ్డాక ఆ కమాను ఇనుముదని ఎవరికీ తెలియనంతగా పచ్చగా కప్పేసింది. "తండ్రి చెయ్యే కొడుక్కీ వచ్చింది" అని వీధిలో పెద్దవాళ్ళు అన్నారు. దుకాణంలో ఖాళీ పెయింటు డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి. వాటి అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మట్టి పోసి, ఒక్కో డబ్బాలో ఒక్కో కొమ్మ గుచ్చి ఇంటింటికీ ఇచ్చాను. ఎవరైనా వద్దన్నా ఊరుకోలేదు. ఎలా మరిగించాలో, ఎప్పుడు తాగాలో కూడా చెప్పాను.

ఒక తమిళాయన తాగి చూసి, "భయ్యా, గిలోయ్ అంటే చేదు విషం అంటారు కదా, ఇది అంత చేదుగా లేదేంటి?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉండొచ్చు. "ఇది సముద్రపు నేల కదా అన్నా, ఇక్కడ చేదు విరుగుతుంది" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆయన తల ఊపి వెళ్ళి అదే మాట పక్కవాళ్ళకి చెప్పాడు. తర్వాత చాలాకాలం మా వీధిలో అది సత్యమై కూర్చుంది.

అందరికన్నా శ్రద్ధగా పెంచింది మా పక్కింటి బెంగాలీ దీదీ. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. ఆమె ఇల్లు మాకన్నా కాస్త పల్లంలో ఉంటుంది. ఆమె భర్త ఫీనిక్స్ బే రేవు నుంచి దీవులకి తిరిగే బోటు మీద పనిచేసేవాడు. ఏదో దీవికి వెళ్ళినప్పుడు మిరియాల తీగలు తెచ్చి పెరట్లో పోకచెట్లకి పాకించాడు. కరోనాకి ముందే గుండె ఆగి పోయాడు. దీదీ ఒక్కతే ఉంటుంది. చలికాలం వచ్చిందంటే ఆమెకి దగ్గు. నేనిచ్చిన డబ్బాలోంచి కొమ్మ తీసి పెరట్లో పోకచెట్టు మొదట్లోనే నాటుకుంది. రోజూ పొద్దున్నే ఆకులు కోసి మరిగించి స్టీలు గ్లాసులో పోసుకుని మెట్ల మీద కూర్చుని తాగేది. నేను దుకాణం తెరవడానికి వెళ్తూ కనిపిస్తే గ్లాసు ఎత్తి చూపించేది. "భయ్యా కా దవాయీ" అనేది. భయ్యా ఇచ్చిన మందట.

అలా ఏడాదిన్నర గడిచింది. మా అమ్మాయి కూతురికి అన్నప్రాసన మా ఇంట్లోనే చేశాం. నవంబరు నెల, వానలు ఇంకా పూర్తిగా పోలేదు. గేటు మీద తీగ నిండా తెల్లటి పూల గుత్తులు. వచ్చినవాళ్ళంతా దాని కింద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఫెరార్గంజ్ నుంచి మా తోడల్లుడూ మరదలూ వచ్చారు. తోడల్లుడు నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నయ్యా అంటాడు. మనిషి మాట తక్కువ. గేటు దగ్గరే ఆగిపోయి పైకి చూస్తున్నాడు.

"అన్నయ్యా, ఇదేటి దీన్ని గేటు మీదకి ఎక్కించీసినావు?" అన్నాడు.

"తిప్పతీగరా. వీధి మొత్తానికి ఇక్కణ్ణుంచే వెళ్ళింది" అన్నాను, నలుగురికీ వినపడేలా.

అతను ఒక కొమ్మ వంచి చూశాడు. "ఇది తిప్పతీగ కాదన్నయ్యా. మా పోకతోటలో దీన్ని పీకలేక చస్తన్నాం. మావోళ్ళు పిచ్చితీగ అంటారు. సూడు, ఆకులు జంటజంటగా ఉన్నాయి. తిప్పతీగకి ఒక్కో కణుపుకి ఒక్కటే ఆకుంటది."

మెల్లగానే అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. కానీ పక్కన తమిళాయన ఉన్నాడు, దీదీ ఉంది, మా వియ్యంకులున్నారు. నాకు మొహం మీదకి వేడి ఎక్కింది. చేతిలో మనవరాలుంది. ఆ పసిదాన్ని అతని ముందుకి ఎత్తిపట్టి, "ఏది తీగో ఏది కలుపో మా ఇంట్లో ఇదిగో ఈ చంటిదానికి కూడా తెలుసు. దీన్నడుగు, చెప్తుంది. నువ్వు పోకకాయలు కోసుకోరా తమ్ముడూ, మందుమొక్కల సంగతి నీకెందుకు?" అన్నాను.

అందరూ నవ్వారు. తెలుగు రానివాళ్ళకి ఎవరో నా మాట మాత్రం అనువాదం చేసి చెబితే వాళ్ళూ నవ్వారు. తోడల్లుడు కొమ్మ వదిలేశాడు. అది పైకి ఎగిరి ఊగింది. మా మరదలు కొంగు సర్దుకుంటూ తల దించుకుంది. విస్తరి దగ్గర అతను కలిపిన ముద్ద కూడా సరిగ్గా తినలేదు. పని ఉందని చెప్పి ముందు బస్సుకే వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే గేటు దగ్గరికి వెళ్ళాను. జంటజంటగా ఉన్నాయి ఆకులు. ప్రతి కణుపుకీ అటొకటి, ఇటొకటి. అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి. అప్పుడు నాకు చిన్నప్పటి వంటింటి రేకుగోడ గుర్తొచ్చింది. దాని మీద నాన్న తిప్పతీగ ఉండేది. కాండం వేలంత లావు, ఒళ్ళంతా బుడిపెలు, పైనుంచి దారాల్లా వేళ్ళు వేలాడేవి. ఆకు అంచు నున్నగా ఉండేది. ఒకసారి కాండం అడ్డంగా కోసి, లోపల బండిచక్రపు చువ్వల్లా గీతలు కనిపిస్తాయని నాన్న నాకు చూపించాడు కూడా. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా రోడ్డు పక్కన ఆ తీగ కోసినప్పుడు ఒక్కటీ గుర్తు చేసుకోలేదు. గేటు మీది తీగ కోసి చూశాను. సన్నటి పుల్ల. లోపల చక్రమూ లేదు, ఏమీ లేదు. ఫోన్లో వెతికితే మైకేనియా అని వచ్చింది. ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చి తోటలకి తోటలు కప్పేసే కలుపు అని.

ఆ సమయంలో తెలివైన మనిషి ఏం చేస్తాడో నాకు తెలియదు. నాకు మాత్రం ఒకటే ఆలోచన, దాన్ని ఎవరి కంటా పడకుండా చేయాలని. కత్తి తెచ్చి కమాను మీది తీగంతా ముక్కలు ముక్కలుగా నరికాను. పోగులు పోగులుగా ఎత్తి ఇంటి వెనక వానకాలువలో పడేశాను. గేటు కాళ్ళ దగ్గర మొదళ్ళు కూడా పీకలేదు, నేల మట్టానికి కొట్టేశాను. మా ఆవిడ లేచి వచ్చి బోసిగేటు చూసి ఏమిటని అడిగితే, "పెయింటు వేయించాలి" అన్నాను. ఆమె నా వంక కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారం మంచి వాన పడింది. కాలువ నిండా పారింది. వాన వెలిశాక వెనక్కి వెళ్ళి చూస్తే కాలువ గట్టుకి ఆనుకున్న ప్రతి ముక్కా చిగురేసింది. వేలెడంత ముక్క కూడా తనకో వేరు వేసుకుంది. నీళ్ళతో పాటు పల్లానికి పోయినవి ఎన్నో. గేటు దగ్గర మొదళ్ళు అంతకు ముందుకన్నా గుబురుగా లేచాయి. నా సిగ్గు దాచుకోవడానికి చేసిన పని దాన్ని వీధి చివరిదాకా చేర్చింది.

అంతవరకే అయితే భరించేవాణ్ణి. రెండు మూడు రోజులకి దీదీ వచ్చింది. చేతిలో పెయింటు డబ్బా. నేను ఆమెకిచ్చిన డబ్బాయే. అందులో మట్టి, మట్టిలో పచ్చటి కొమ్మ.

"భయ్యా, నీ గిలోయ్ చచ్చిపోయింది కదా. గేటు చూసి నాకు దుఃఖం వేసింది. నా దగ్గర బోలెడుంది, ఇది పెట్టుకో" అంది హిందీలో.

నేను చేతులు చాపాను. డబ్బా తీసుకున్నాను. "బహుత్ మెహర్బానీ, దీదీ" అన్నాను. ఆమె సంతోషంగా దగ్గుకుంటూ వెళ్ళిపోయింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా చూసింది.

"తీసేసుకున్నారా?" అంది.

నేను డబ్బాలో మట్టిని వేలితో అదుముతున్నాను.

"చెల్లి ఫోన్ చేసింది. ఆ రోజు ఇంటికెళ్ళి మీ తమ్ముడు అన్నం ముట్టలేదంట. అది ఏం తీగో చెల్లి నాకు చెప్పింది. గేటు మీదది మీరు ఎందుకు కొట్టేసినారో నాకు అప్పుడే అర్థమైంది. మీరే చెప్తారని ఊరుకున్నాను." గొంతు తగ్గించింది. "నన్ను మోసం చేస్తే చేసినారు. ఆవిడ రోజూ పొద్దున్నే దాన్ని మరగబెట్టుకుని తాగుతోంది కదండీ. అదైనా ఆలోచించారా?"

ఆలోచించాను. అదే నా సిగ్గులో అన్నిటికన్నా అడుగున ఉన్నది. రోజూ పొద్దున్నే ఆమె గ్లాసు ఎత్తి చూపిస్తుంటే, తెలిశాక కూడా, నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

ఆ డబ్బా అలాగే పట్టుకుని దీదీ ఇంటికి వెళ్ళాను. చెప్పడానికే వెళ్ళాను. ఆమె నన్ను చూసి, మొక్క గురించి ఏదో అడగడానికి వచ్చాననుకుంది. "రా రా, ఎంత బాగా వచ్చిందో చూపిస్తాను" అంటూ పెరట్లోకి తీసుకెళ్ళింది.

పోకచెట్లు మెడల దాకా పచ్చగా మునిగిపోయి ఉన్నాయి. దుప్పటి కప్పినట్టుంది. మిరియాల తీగలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఒకచోట ఆ దుప్పటి ఎత్తి చూస్తే లోపల మిరియాల ఆకులు పసుపెక్కి, మచ్చలుపడి, చేత్తో తాకితే రాలిపోతున్నాయి. ఒక్క మిరియాల గుత్తి కూడా లేదు.

"మిరియాలు ఈసారి కాయలేదు. పోయినసారీ అంతే, గుప్పెడు వచ్చాయి" అంది దీదీ. "ఆయన చెయ్యి పడితేనే కాసేవి. ఆయన పోయాడు, అవీ పోతున్నాయి అనుకున్నాను."

డబ్బా కింద పెట్టాను. "దీదీ, ఇది గిలోయ్ కాదు" అన్నాను. ఎలా తెచ్చానో, ఎవరు చెప్పారో, నేనేమన్నానో, కాలువలో ఏం పడేశానో అన్నీ చెప్పాను. మధ్యలో ఆమె ఏమైనా అంటుందేమో, ఆపేస్తుందేమో అని చూశాను. ఆపలేదు. చివరికి, "మీ మిరియాలు ఆయన పోయినందుకు ఎండిపోలేదు. నేనిచ్చిన తీగ ఎక్కి ఊపిరాడక ఎండిపోతున్నాయి" అన్నాను.

ఆమె పోకచెట్టు దగ్గరికి వెళ్ళి రాలిన మిరియాల ఆకు ఒకటి చేతిలోకి తీసుకుంది.

"తో మై క్యా పీ రహీ థీ?" అంది. అయితే ఇన్నాళ్ళూ నేను తాగింది ఏమిటి?

"తెలీదు దీదీ" అన్నాను. "డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను తీసుకెళ్తాను."

"నాకు దారి తెలుసు."

లోపలికి వెళ్ళింది. పొద్దుటి కషాయం గిన్నెలో కాస్త మిగిలినట్టుంది, తెచ్చి మెట్ల పక్కన పారబోసింది. గిన్నె బోర్లించింది. "ఆప్ జాయియే" అంది. మీరు వెళ్ళండి అని. అప్పటిదాకా ఆమె నన్ను ఎప్పుడూ తుమ్ అనేది, తమ్ముణ్ణి అన్నట్టు. మర్యాదగా ఆప్ అన్న ఆ మాట చెంపదెబ్బకన్నా ఎక్కువ తగిలింది. తలుపు వేసేసుకుంది.

ఆమె ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళిందని తర్వాత మా ఆవిడ చెప్పింది. రక్తపరీక్ష చేశారట, భయపడాల్సింది ఏమీ లేదన్నారట. ఇక మీద ఎవరు ఏ ఆకు ఇచ్చినా తాగొద్దని డాక్టరు చెప్పాడట. ఆ మాట దీదీ వీధిలో అందరికీ చెప్పింది. నా పేరు చెప్పి మరీ చెప్పింది. ఆమె తప్పు లేదు.

అందువల్ల నేను ఇంటింటికీ వెళ్ళే సరికి అందరికీ విషయం తెలిసిపోయి ఉంది. అయినా వెళ్ళాను. ఏ చేతులతో డబ్బాలు ఇచ్చానో ఆ చేతులతోనే వెనక్కి తీసుకోవాలి. రాంచీ ఇంటి కుర్రకోడలు నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది, నవ్వు ఆపుకోలేక. మలయాళీ మేస్త్రి, "నేను ఎప్పుడో పీకి పారేశాను భయ్యా. మా కేరళలో దీన్ని చూడని తోట లేదు. మీరు అంత ప్రేమగా ఇస్తుంటే కాదనలేకపోయాను" అన్నాడు. చెప్పి ఉంటే బాగుండేదని అనబోయి ఆగిపోయాను. చెప్పినవాడికి నేను ఏం బహుమానం ఇచ్చానో వీధి అంతా చూసింది కదా. తమిళాయన మాత్రం చాలా సీరియస్‌గా, "అయితే సముద్రపు నేలకి చేదు విరగడం?" అని అడిగాడు. "అది నేను కల్పించాను అన్నా" అన్నాను. ఆయన డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన కొడుకు మాత్రం అప్పటి నుంచి దుకాణానికి వస్తే, "అంకుల్, ఈ మేకు ఇనుముదేనా?" అని అడుగుతాడు.

ఆ తీగకి మా వీధిలో పేరు కూడా స్థిరపడిపోయింది. తెలుగు భయ్యా కా గిలోయ్.

అన్నిటికన్నా కష్టమైంది తోడల్లుడికి ఫోన్ చేయడం. నంబరు నొక్కి కట్ చేసి, నొక్కి కట్ చేసి, చివరికి దుకాణం బయట నిలబడి చేశాను.

"తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం" అన్నాను.

"ఊఁ."

"ఆ రోజు అందరి ముందూ నేనన్న మాట..."

"తీగ ఏం చేసినావు?" అన్నాడు, నా మాట మధ్యలోనే. నరికి కాలువలో వేశానని చెప్పాను. అవతల నిట్టూర్పు వినపడింది. "అయ్యో అన్నయ్యా. నరికితే అది చావదు, పది అవుద్ది. వానపడి నేల మెత్తగున్నప్పుడు వేరుతో పీకాలి. పీకింది నేలకి తగలనివ్వకూడదు. రేకు మీదో, దండెం మీదో ఆరేసి ఎండబెట్టి, పెళుసెక్కినాక తగలబెట్టాలి. పూలు పండితే గింజ గాలికి ఎగిరిపోద్ది, దానికి ముందే అవ్వాలి. ఆదివారం వస్తాను, నువ్వేం ముట్టుకోకు."

వచ్చాడు. దీదీ పెరట్లో పని చేసుకోనివ్వమని మా ఆవిడే వెళ్ళి అడిగింది. దీదీ నాతో మాట్లాడలేదు, గేటు మాత్రం తీసి ఉంచింది. మిరియాల తీగనీ కలుపుతీగనీ విడదీయడం జుట్టులో చిక్కు తీసినట్టే. తొందరపడితే రెండూ తెగుతాయి. తోడల్లుడు కింద నుంచి కలుపు మొదలు పట్టుకుని, అది ఏ చెట్టు చుట్టూ ఎటు తిరిగిందో వేలితో దారి చూసుకుంటూ విప్పుతున్నాడు. నేను త్వరగా అయిపోవాలని గట్టిగా లాగాను. చేతిలోకి వచ్చింది చూస్తే మిరియాల తీగ. మొదటికంటా తెగింది. కాస్తో కూస్తో పచ్చగా మిగిలిన వాటిలో అదొకటి.

మెట్ల మీద కూర్చున్న దీదీ చూసింది. లేచి వచ్చి నా చేతిలోంచి ఆ తెగిన తీగ తీసుకుంది. పీట తెచ్చి వేసుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, నేను నిలబడ్డ చెట్టు దగ్గర తానే కూర్చుని విప్పడం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, నువ్వు కింద వేళ్ళు ఏరు" అన్నాడు తోడల్లుడు.

ఆ రోజంతా నేను నేల మీద కూర్చుని వేళ్ళు ఏరాను. నా వయసుకి నడుం పట్టేసింది. నాకు అదే తగిన పని అనిపించింది. మధ్యాహ్నం మా ఆవిడ చేపల పులుసూ అన్నమూ వండి పిలిచింది. తోడల్లుడు సంచిలోంచి తన టిఫిన్ బాక్సు తీశాడు. ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. "చేతులు కడుక్కునే వీలు లేదొదినా, ఇక్కడే తినేస్తాను" అన్నాడు. కుళాయి అతనికి నాలుగడుగుల దూరంలో ఉంది. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీదీకి తెలుగు రాదు, అయినా ఆ టిఫిన్ బాక్సు అర్థమైంది. నా వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకుంది.

తర్వాత ఆదివారాలు కూడా వచ్చాడు. ఒకసారి టీ తాగాడు. మరోసారి నేను సిద్ధం చేసుకున్న మాట అంతా చెప్పాను. మనవరాల్ని ఎత్తిపట్టి నవ్వించడం నీచమైన పని అని, ఆ రోజు నుంచి ఆ పిల్ల మొహం చూస్తే అదే గుర్తొస్తోందని. అతను చేతిలో తీగ విప్పుతూనే విన్నాడు. "నాకు కోపం ఆ మాటకి కాదన్నయ్యా. నేను అబద్ధం చెప్తానని నువ్వు అనుకున్నావు చూడు, దానికి" అన్నాడు. నేను అలా అనుకోలేదు. నిజానికి నేను అతని మాట గురించి ఏమీ అనుకోలేదు, అసలు వినలేదు. అది ఇంకా అన్యాయం. దాన్ని మాత్రం అతనితో చెప్పలేకపోయాను.

దీదీ మిరియాల తీగల్లో సగానికి పైగా పోయాయి. మిగిలినవి ఎండలు దాటుకుని, మళ్ళీ వానలు మొదలయ్యాక కొత్త చిగుళ్ళు పెట్టాయి. తోడల్లుడు తన తోట నుంచి మిరియాల అంట్లు తెచ్చి ఖాళీ అయిన చెట్ల దగ్గర నాటతానన్నాడు. దీదీ ఒప్పుకోలేదు. "ఆయన తెచ్చినవాటి నుంచే పెట్టుకుంటాను, ఎంతకాలం పట్టినా సరే" అంది. బతికినవాటి కొమ్మలు వంచి మట్టిలో అణిచి తానే అంట్లు కడుతోంది. నాతో ఇప్పుడు మాట్లాడుతుంది. కలుపు మొలక కనిపిస్తే గోడ మీంచి పిలుస్తుంది, "ఓ దుకాన్‌వాలే, నికల్ ఆయా!" అని. దుకాణపాయనా, మొలిచింది అని. నేను దుకాణం వదిలేసి వెళ్ళి పీకుతాను. భయ్యా అని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు. మొదట్లో అలవాటు కొద్దీ అంటుందేమో అని ఎదురు చూసేవాణ్ణి.

మా గేటు దగ్గర ఇప్పుడు ఏమీ లేదు. ఇనపకమాను తుప్పు పట్టింది. మా పెరడూ, వీధీ దాదాపు శుభ్రపడ్డాయి. కాని కాలువ పని ఇంకా అవలేదు. ప్రతి పెద్ద వాన తర్వాత గోనెసంచి పట్టుకుని కాలువ వెంబడి పల్లానికి వెళ్తాను. మొదట మా వీధి చివరి దాకా వెళ్ళేవాణ్ణి. తర్వాత మలుపు దాకా. ఈ మధ్య నన్ను ఎరగని ఇళ్ళ దాకా వెళ్తున్నాను. అక్కడివాళ్ళు ఎవరో ముసలాయన సంచితో తమ కంచె పక్కన తచ్చాడుతున్నాడని అనుమానంగా చూస్తారు.

పోయిన వానకి ఒక ఇంటి కంచె నిండా అది పాకి కనిపించింది. తెల్లపూలు విచ్చుతున్నాయి. ఇంటావిడ బయటికి వచ్చి ఏం కావాలని హిందీలో అడిగింది.

"ఈ తీగ పీకడానికి వచ్చానమ్మా, మీరు ఒప్పుకుంటే" అన్నాను.

"ఎందుకు? పూలు బాగున్నాయిగా. అదంతట అదే మొలిచింది."

"అదంతట అది మొలవలేదు. పైనున్న మా ఇంటి నుంచి వచ్చింది. నేను వేసిందే."

ఆమెకి అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పమంది. ఇంట్లోంచి అత్తగారినీ, ఆడపడుచునీ పిలిచింది. ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. నేను కంచె బయట సంచి పట్టుకుని నిలబడి, నాన్న పేరు దగ్గర నుంచి మొదలుపెట్టి, తిప్పతీగ అని ఎలా తెచ్చానో, ఎవరెవరి చేత తాగించానో అంతా చెప్పాను. చేదు విరగడం దగ్గర ఆడపడుచు పడీపడీ నవ్వింది. దీదీ గురించి చెప్పినప్పుడు అత్తగారు "హే భగవాన్" అంది. నా చెవులు కాలిపోయాయి. చెప్పడం అయ్యాక ఇంటావిడ లేచి కంచె తలుపు తీసింది. నేను లోపలికి వెళ్ళి తీగ మొదలు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.